మన పేటియా మనమే కుట్టుకుందాం

(సేవాలాల్ జయంతి సభలో యువతీయువకులతో చేసిన ప్రసంగం)

 

 

మమ్మల్ని సంస్కృతి పరిరక్షణలో యువత పాత్ర గురించి మాట్లాడమన్నారు. దాని మీద ఇప్పటికే ముగ్గురు మాట్లాడారు, బాగా మాట్లాడారు. అంత పెద్ద విషయం మాకు చేతకాదు. భవానీపురంలో మా హాస్టల్లో పోయిన శ్రావణం నుంచి మొన్న ఆదివారం దాకా ఏం జరిగిందో అది చెబుతాం. పదకొండు మంది ఆడపిల్లలం, ఒక వార్డెన్, ఒక వంటమ్మ, డెబ్బై దాటిన ఒక ముసలామె కలిసి మా పేటియాలు, కాంచళులు మేమే కుట్టుకున్నాం. కొలతల కాగితం లేదు, కటింగ్ పుస్తకం లేదు, టైలరు లేడు. ఇప్పుడు మేం వేసుకుని నిలబడింది కూడా అలా కుట్టిందే. ఎడమ వైపు అద్దాలు ఇంకా పూర్తి కాలేదు. దగ్గరికొచ్చి చూడకండి.

మొదలు ఎక్కడంటే, తీజ్ దగ్గర. హాస్టల్లో పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోశారు. చివరి రోజు పున్నమి ఘాట్‌కి వెళ్లి నిమజ్జనం చేయాలి. వేసుకోవడానికి మన బట్టలు ఎవరి దగ్గరా లేవు. ఊళ్లో డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు నుంచి తెచ్చాం. ఒక్కోటి రోజుకు 300 రూపాయలు. అన్నీ ఒకే సైజు. పదో తరగతి పిల్లకు ఊపిరాడదు, ఏడో తరగతి పిల్లకు నడుం దగ్గర నిలవదు. పిన్నీసులు పెట్టి పెట్టి మా వేళ్లు గుచ్చుకుపోయాయి. అద్దాల స్థానంలో మెరుపు కాగితం అతికించారు, ఘాట్ మెట్ల మీద రాలిపోతూ వచ్చింది. తిరిగి ఇచ్చేటప్పుడు చూశాం, కవరు మీద ‘రాజస్థానీ, ఐటం 14’ అని రాసి ఉంది. పిల్లలు పడీపడీ నవ్వారు. మేం కూడా నవ్వాం కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు మూడు రోజుల తర్వాత ఇంటర్ చదివే పిల్ల ఒకమ్మాయి ఫోను పట్టుకొచ్చింది. ఎక్కడో విదేశంలో ఒకామె మూడు వందల ఏళ్ల కిందటి గౌను తన కోసం తానే కుట్టుకుంటోంది. కాగితం మీద గీసిన కటింగ్ ఏమీ లేదు. పాత గుడ్డ ఒంటికి చుట్టుకుని, పిన్నులు పెట్టుకుని, బొగ్గుముక్కతో గీసుకుని కత్తిరిస్తోంది. “మేడమ్, వాళ్ల ముత్తవ్వల గౌను వాళ్లు కుట్టుకుంటున్నారు. మన దాదీల పేటియా మనకెందుకు రాదు?” అంది. బీఈడీలో మాకు పిల్లల ప్రశ్నను వాయిదా వేయకూడదని చెప్పారు. వార్డెన్ ఉద్యోగంలో వాయిదా వేయడం బాగా నేర్చుకున్నాం. ఈ ప్రశ్నను మాత్రం వేయలేకపోయాం.

కాస్త చదివి చూశాం. అమెరికాలో ఎబెనేజర్ బట్టరిక్ అనే టైలరు 1863లో సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. అలాంటి కాగితాలు ఇంటింటికీ చేరింది ఆ తర్వాతే. అంతకు ముందు ఇంట్లో కుట్టుకునేవాళ్లు ఎక్కువగా పాత బట్ట చూసి కొత్తది కోసేవారు, లేదా ఒంటి మీదే గుడ్డ పెట్టి గీసేవారు. జపాన్ వాళ్ల కిమోనో మొత్తం నిలువు పట్టీలే, గుండ్రంగా కోసేది దాదాపు ఏమీ ఉండదు. గుడ్డ నేయడం కష్టమైన కాలంలో ఎవరూ గుడ్డను ముక్కలు చేసి పారేసేవారు కాదు. మన పేటియా కూడా ఆ లెక్కలోదే. మనకు కాగితం లేకపోవడం చేతగానితనం కాదు, అవసరం రాలేదు, అంతే.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎక్కువ చెప్పం. మనవాళ్లు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన వర్తకులు. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచ్ వర్తకుడు ఈ దేశమంతా తిరిగి, పదివేలు, పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారుల గురించి రాశాడు. కోస్తా ఉప్పు దక్కను లోపలికి వెళ్లింది మనవాళ్ల ఎద్దుల మీదే. ఈ కృష్ణా తీరం అప్పటికే ఎర్ర రంగు అద్దకానికి పేరు. మచిలీపట్నం వైపు చిరివేరుతో ఎరుపు దించేవారు. ఆ తర్వాత రైలు వచ్చింది, ఎద్దు పని పోయింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఆ చట్టం కింద మన జాతివాళ్లను కూడా చాలాచోట్ల జాబితాలో పెట్టారు. 1952 ఆగస్టు 31న అది పోయింది. మైలు దూరం నుంచి గుర్తుపట్టే బట్ట వేసుకున్నవాళ్లకు ఆ ఎనభై ఏళ్లు ఎలా గడిచాయో మీ ఇంట్లో పెద్దలుంటే అడగండి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించిన పుస్తకాల్లో లంబాడీ ఆడవాళ్ల బట్టలు, గాజులు, గవ్వలు, అద్దాల గురించి పేజీలకు పేజీలు ఉంది. అన్నీ బయట నుంచి చూసి రాసినవే. కాంచళి చంక కింద ముక్క ఎందుకు పెడతారో అందులో లేదు. అది తెలిసినవాళ్లను ఎవరూ అడిగి ఉండరు.

మాకు తెలిసిన మనిషి ఒకరున్నారు. మా యాడి.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మేం అక్కాచెల్లెళ్లం ఇద్దరం ఆరో తరగతిలో, నాలుగో తరగతిలో హాస్టల్లో చేరాం. ఎక్కడ అని అడగకండి. మైలవరం అవతల తండా నుంచి మా యాడి నెలకోసారి చూడడానికి వచ్చేది. పేటియా, కాంచళి, టూక్రి, చేతుల నిండా గాజులు, జడకు గుగ్గరాలు. గేటు దగ్గరికి రాకముందే గలగల వినిపించేది. ఒకరోజు బడిలో పిల్లలంతా కిటికీల దగ్గర మూగి నవ్వారు. ఒక పంతులుగారు కూడా ఏదో అన్నారు, ఆ మాట ఇక్కడ చెప్పం. ఆ సాయంత్రం మేమిద్దరం యాడిని గేటు పక్కకు తీసుకెళ్లి, “ఈసారి వచ్చేటప్పుడు చీర కట్టుకుని రా” అన్నాం. ఇద్దరం కలిసే అన్నాం. అది ఎవరు ముందన్నారో ఇప్పటికీ మా ఇద్దరి మధ్య తేలలేదు.

యాడి ఏమీ అనలేదు. తర్వాతి నెల చీర కట్టుకుని వచ్చింది. ఆ తర్వాత పేటియా వేసుకోగా మేం చూడలేదు. రేకుపెట్టెలో పెట్టేసింది. ముప్పై ఏళ్లు దాటింది.

దసరా సెలవుల్లో తండాకు వెళ్లి, “యాడీ, పిల్లలకు పేటియా కుట్టడం నేర్పుతావా” అని అడిగాం. మా వంక చాలాసేపు చూసింది. “కళ్లు కనపడవు, దారం ఎక్కించేవాళ్లుంటే నేర్పుతా” అంది. ఆ మరుసటి ఆదివారం రేకుపెట్టెతో సహా భవానీపురం వచ్చింది.

ఇక పని గురించి.

గుడ్డ కొనడానికి వన్‌టౌన్ వస్త్రలతకు వెళ్లాం. అది భవానీ దీక్షల కాలం. కొండ కింద ఎటు చూసినా ఎర్ర బట్టలే, షాపుల్లో ఎర్ర గుడ్డ తానులు తానులు. యాడి ప్రతి తానూ రెండు వేళ్ల మధ్య నలిపి, అంచు దగ్గర ఒక పోగు లాగి చూసి, చివరికి ఒకదాని మీద చెయ్యి వేసింది. నూలు గుడ్డ, 36 అంగుళాల పన్నా. షాపు అబ్బాయి మెరిసే సిల్కు లాంటిది చూపిస్తే, “అది సూదిని పట్టుకోదు” అంది. తర్వాత మాకర్థమైంది. ఆ జారే గుడ్డ మీద అద్దం కుడితే అద్దం బరువుకు గుడ్డ వేలాడి ముడతలు పడుతుంది.

పేటియాకు ఆమె చెప్పిన లెక్క ఇది. గుడ్డ పన్నాయే పేటియా పొడవు. గుడ్డ పొడవే పేటియా చుట్టుకొలత. అంటే ఐదు మీటర్ల గుడ్డ తీసుకుంటే, కత్తెర గాటు ఒక్కటే, తాను నుంచి వేరుచేసేది. నడుం దగ్గర ఒక అంచు, కాళ్ల దగ్గర ఒక అంచు, రెండూ నేతలో వచ్చిన అంచులే కాబట్టి పోగులు రాలవు. రెండు కొసలు కలిపి కుడితే గొట్టం తయారు. పొడుగు పిల్ల అయితే కింద వేరే రంగు పట్టీ వేస్తారు. పొట్టి పిల్ల అయితే లోపలికి ఒక మడత పెట్టి కచ్చా కుట్టు వేస్తారు. పిల్ల ఎదిగితే ఆ కుట్టు విప్పితే చాలు. మేం ఇది వినగానే బోర్డు మీద బొమ్మ వేసి చూపించాం. యాడి బొమ్మ వైపు చూడనే లేదు. గుడ్డ నేల మీద పరిచి మోకాలితో తొక్కిపట్టింది.

కొలత జానతో. ఆమె జానతో కాదు, కట్టుకునే మనిషి జానతోనే. నడుం నుంచి చీలమండ పైదాకా నాలుగు జానలు, పైన నాలుగైదు వేళ్లు. పదకొండు మంది పిల్లలూ తమ తమ చేత్తో కొలుచుకున్నారు. అందరికీ ఇంచుమించు అవే జానలు వచ్చాయి, అంగుళాలు మాత్రం వేరు. చెయ్యి ఒంటికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. నడుం చుట్టూ దారం కట్టి ముడి వేసుకుంటే అదే నడుం కొలత. ఆ దారం ఎవరిది వాళ్లు మెడలో వేసుకుని తిరిగారు రెండు వారాలు.

కుచ్చులు ఎలా సమానంగా వస్తాయన్నది మాకు పెద్ద చిక్కు. ఐదు మీటర్లంటే 197 అంగుళాలు. నడుం పట్టీ 30 అంగుళాలు. ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా వచ్చేస్తోంది. యాడి ఏం చేసిందంటే, గుడ్డను సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచి ఎనిమిది చోట్ల పసుపు బొట్టు పెట్టింది. నడుం పట్టీకి కూడా అలాగే ఎనిమిది బొట్లు. బొట్టుకు బొట్టు కలిపి టాకా వేసింది. ఇప్పుడు ప్రతి రెండు బొట్ల మధ్య ఇరవై నాలుగున్నర అంగుళాల గుడ్డ మూడు ముప్పావు అంగుళాల్లో సర్దితే చాలు. రెండు వరసల సన్న కుట్టు వేసి దారం లాగితే కుచ్చులు వాటంతటవే కూర్చుంటాయి. రెండో వరస మానేస్తే కుచ్చులు దొర్లుతాయి. మానేసి చూశాం, దొర్లాయి. మా పదో తరగతి పిల్లలకు ఎనిమిదో భాగం ఎందుకు నేర్చుకోవాలో ఏ లెక్కల పుస్తకమూ ఇంత తేటగా చెప్పలేదు. యాడికి బడి లేదు. వేళ్ల మీద పదహారు దాకా లెక్కపెడుతుంది.

మొదటి తప్పు మాదే. గుడ్డ తెచ్చిన రోజే నానబెట్టమని యాడి చెప్పింది. ఆదివారం అయిపోతోందని తొందరపడి నానబెట్టకుండానే నాలుగు పేటియాలు కుట్టించాం. పట్టీలు కూడా వేశాం. ఉతికితే 36 అంగుళాల గుడ్డ 34కు దిగింది, ఎర్ర రంగు తెల్ల దారాల్లోకి ఎక్కింది. నాలుగూ గులాబీ రంగు కుట్లతో పొట్టి పేటియాలయ్యాయి. పిల్లలు ఏడ్చారు. యాడి మమ్మల్ని వాళ్ల ముందే తిట్టింది. వార్డెన్‌ని ఎవరైనా తిడితే పిల్లలకు ఎంత ఆనందమో, ఏడుపు అక్కడితో ఆగింది. మిగతా గుడ్డంతా ఉప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఎర్ర నీళ్లు పోయేదాకా జాడించి, నీడలో ఆరేశాకే కోశాం. ఆ నాలుగింటికీ కింద ఇంకో పట్టీ వేశాం. ఆ పట్టీ వేసినవే ఇప్పుడు అన్నిటికంటే బాగున్నాయని అందరూ అంటున్నారు, మేం ఒప్పుకోం.

కాంచళి దగ్గరికొస్తే పేటియా ఆటలా అనిపించింది. పేటియా నడుం దగ్గరే ఒంటిని పట్టుకుంటుంది. కాంచళి భుజం, ఛాతీ, చంక, అన్నిచోట్లా సరిపోవాలి. పైగా ఎవరి ఒంటిని వాళ్లు కొలుచుకోలేరు. చెయ్యి ఎత్తితే కొలత మారిపోతుంది. అందుకని ఇద్దరిద్దరుగా కూర్చున్నాం. పాత చీర ముక్క ఛాతీకి ఆనించి, వెనక ముడి వేసి, ఎదుటి పిల్ల సుద్దముక్కతో గీస్తుంది. గీయించుకునే పిల్ల ఊపిరి బిగపట్టకూడదు. ఊపిరి బిగపడితే తయారయ్యాక అన్నం తినలేదు.

దగ్గరికెళ్లి చూస్తే కాంచళిలో గుండ్రంగా కోసిన ముక్క లేదు. ఛాతీకి నలుచదరాలు, వాటిని మూలకు మడిచిన త్రికోణాలు, చేతికి ఒక పట్టీ, పొట్ట మీదకు దిగే ముక్క ఒకటి, వీపు మీద కట్టుకునే తాళ్లు. ఈ ముక్కల పేర్లు తండాకొక రకంగా ఉంటాయి, మీ తండా పేర్లు మీ యాడీలను అడిగి రాసుకోండి. అన్నిటిలోకీ ముఖ్యమైంది చంక కింద పెట్టే చిన్న చదరం. జానెడు కూడా ఉండదు, నాలుగు వేళ్ల వెడల్పు. దాన్ని నిలువుగా కాదు, గాలిపటంలా మూల పైకి పెట్టి కుట్టాలి. మా ఇంటర్ పిల్ల అది అనవసరమని వదిలేసి చెయ్యి ముక్కను నేరుగా ఛాతీకి కుట్టింది. చూడడానికి నున్నగా వచ్చింది. డాన్స్ ప్రాక్టీసులో చెయ్యి పైకెత్తగానే చంక దగ్గర చిరిగింది. గుడ్డ నిలువు పోగు, అడ్డ పోగు రెండూ సాగవు, మూల నుంచి మూలకు లాగితేనే సాగుతుంది. ఆ చదరాన్ని మూల పైకి పెట్టడం అందుకే. యాడి పెట్టే పరీక్ష ఒక్కటే. కాంచళి వేసుకుని ఖాళీ బిందె తలకెత్తుకోవాలి. పొట్ట మీద ముక్క పైకి లేవకూడదు, చంక పట్టకూడదు. లేస్తే విప్పి మళ్లీ కుట్టాలి. మా హాస్టల్లో ఆ నెలంతా బిందెలు ఎత్తడమే.

వీపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది అడగలేక ఊరుకుంటారు. పాత కాంచళికి వీపు ఉండదు, తాళ్లే. మా పిల్లల్లో ఎనిమిది మంది వీపు మూసి కుట్టుకుంటామన్నారు, ముగ్గురు పాత పద్ధతే అన్నారు. ఇది మన సంప్రదాయం కాదని మేం ఒక చిన్న ఉపన్యాసం ఇవ్వబోయాం. యాడి అడ్డుకుంది. “వేసుకునేది వాళ్లు. మూసుకుంటారో తెరుచుకుంటారో వాళ్లిష్టం. తాళ్లు మాత్రం పెట్టండి, ఒళ్లు పెరిగితే సడలించుకోవాలి” అంది. సంప్రదాయంలో ఏది ఉంచాలో ఏది వదలాలో మేం చదివిన పుస్తకాల కంటే ఆమెకే బాగా తెలుసనిపించింది. వీపు మూసిన వాటికీ తాళ్లున్నాయి.

అద్దం కుట్టడం చాలామంది అతికించడం అనుకుంటారు. అద్దానికి రంధ్రం ఉండదు. ముందు అద్దం మీదుగా రెండు దారాలు అడ్డంగా, వాటిని చుట్టి పట్టుకునేలా రెండు దారాలు నిలువుగా, గట్టిగా లాగి వేస్తారు. అద్దం ఒక చిన్న కిటికీ చట్రంలో ఇరుక్కున్నట్టవుతుంది. తర్వాత ఆ చట్రం దారాల్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు లాంటిది వేస్తే దారాలు అంచుకు జరిగి గుండ్రంగా తెరుచుకుంటాయి. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం ఊడుతుంది. ప్లాస్టిక్ అద్దాలు తేలికే కానీ రెండు ఉతుకుల్లో మసకబారతాయి. గాజు అద్దాలే కొన్నాం. బెత్తెడు చదరం ముక్క పూర్తి చేయడానికి ఒక్కొక్కరికి మూడు ఆదివారాలు పట్టింది. గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలు కలిపి ఒక్కో జతకు 1,400 రూపాయలైంది. అద్దె డ్రెస్సు ఐదు సార్లు తెస్తే అంతకంటే ఎక్కువే.

కర్ణాటకలో సండూరులో మన ఆడవాళ్లు ఈ కుట్టునే బతుకుతెరువు చేసుకున్నారు. అక్కడి కుశల కళా కేంద్రం పేరు విన్నారు కదా. సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపీలో జీ-20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా మన ఆడవాళ్లు కుట్టిన 1,755 పనులు ఒకేచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. ఆ కుట్లకు పేర్లున్నాయి, కిలన్, వేలె, మాకి, రేలో, నాక్రా, ఇంకా చాలా. యాడికి ఆ పేర్లు చదివి వినిపిస్తే కొన్నిటికి తలూపింది, కొన్నిటికి “అదేంటి, కుట్టి చూపించు” అంది. మేం కుట్టి చూపించలేకపోయాం.

అబ్బాయిలు నవ్వుతున్నారు. తమ్ముళ్లూ, ఊళ్లో మిషన్ల మీద కూర్చుని కుట్టేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే కదా. నాలుగు వారాల క్రితం మా వంటమ్మ కొడుకు వచ్చి కూర్చున్నాడు. కుచ్చులు వాడివే అందరికంటే సమానంగా వచ్చాయి.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాం.

కాంచళి ముక్కలు ఎలా అతికాయో పైనుంచి చూస్తే తెలియదు, కుట్లన్నీ అద్దాల కింద ఉంటాయి. రేకుపెట్టెలో ఉన్న పాత కాంచళుల్లో ఒకదాన్ని విప్పి చూద్దామని పిల్లలు అడిగారు. యాడి మూడిట్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. ఒక్కో కుట్టు జాగ్రత్తగా విప్పాం. అద్దాల పని గట్టిగా నిలవడానికి లోపల రెండు మూడు పొరలు పాత గుడ్డలు పెడతారు. పైన ఎర్రది, కింద పిండిసంచి గుడ్డ, ఆ రెంటి మధ్యలో నీలం, తెలుపు గళ్ల గుడ్డ ముక్క ఒకటి ఉంది. పిల్లలకు అది మామూలు గుడ్డ. మాకు చెయ్యి ఆడలేదు. అది మా తొమ్మిదో తరగతి యూనిఫాం. ఆ గళ్లు మాకు ఆ ఒక్క ఏడాదే ఇచ్చారు, పదో తరగతికి మళ్లీ మార్చారు.

తొమ్మిదో తరగతి అంటే, మేం గేటు దగ్గర ఆ మాట అని మూడేళ్లు గడిచాక. అంటే మేం చీర కట్టుకుని రమ్మన్న తర్వాత కూడా యాడి కాంచళి కుడుతూనే ఉంది. వేసుకోవడానికి కాదు. ఎక్కడ వేసుకుంటుంది? ఎందుకు కుట్టావని అడిగాం. “చేతులూరుకోవు కదా” అంది. ఇంకేం చెప్పలేదు. సాయంత్రం మా చెల్లికి ఫోన్ చేసి చెప్పాం. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ గళ్ల ముక్కను మళ్లీ అదే చోట పెట్టి, అవే రంధ్రాల్లోంచి సూది పోనిచ్చి కుట్టేశాం. ఆ కాంచళి ఈ రోజు ఎవరు వేసుకున్నారో మీరు చూస్తున్నారు. రెండో వరసలో, కుడివైపు చివర. పిల్లలు దారం ఎక్కించి ఇస్తే వీపు తాళ్లు కొత్తవి తనే వేసుకుంది. రేపు ఫొటోలు తీసేవాళ్లు ముందు ఆమెను అడిగి తీయండి.

మా హాస్టల్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కూర్చుంటున్నాం. కాలేజీ పిల్లలు, ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. ఐదు మీటర్ల నూలు గుడ్డ తెచ్చుకోండి, ముందే నానబెట్టి తెచ్చుకోండి. ఇంట్లో పాత పేటియా, కాంచళి ఉంటే అడిగి పట్టుకురండి. చింపం. లోపల ఎలా ఉందో చూసి, మళ్లీ అలాగే కుట్టి ఇస్తాం.

రామ్ రామ్.